గేటు లోపలి బోరు

హోటళ్ల దుప్పట్లు ఉతికే కంపెనీలో ఆవిడా నేనూ ఒకే మెషీన్‌కి చెరోవైపు పనిచేసేవాళ్లం. తడి దుప్పటిని వేడి రోలర్లలోకి ఎక్కించడం ఆవిడ పని. అటునుంచి వచ్చినదాన్ని మడతపెట్టడం నా పని. ఆ పరాయి దేశంలో మా ఊరివాళ్లందరికీ ఆవిడ ఇస్త్రీ అక్క. కొత్తగా దిగినవాళ్లకి గది వెతికిపెట్టేది ఆవిడే. పోట్లాడుకున్న మొగుడూపెళ్లాల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి చీవాట్లు పెట్టేదీ ఆవిడే.

మా ఊళ్లో ఏళ్ల తరబడి వానల్లేవు. ట్యాంకరు దగ్గర జనం బిందెలతో కొట్టుకునే వీడియోలు మా ఫోన్లకి వచ్చేవి. అవి చూసి పనిలోకి వెళ్లి, ఉతికిన నీళ్లు కాలవలోకి ధారగా పోతుంటే చూస్తూ నిలబడటం నరకం. బోరు వేయిద్దామని ముందు అన్నది అక్కే. అందరం తలో చెయ్యీ వేశాం. ఊరి స్థలంలో ఎక్కడ తవ్వించినా దుమ్మే లేచింది. చివరికి అక్క తమ్ముడి పెరట్లో నీళ్లు పడ్డాయి.

"వాడికి నాది పూచీ. గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అంది అక్క. ఆ మాట మీదే మోటారు కొన్నాం.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, మా ఊరివాడే అయిన బస్సు డ్రైవర్ బాబాయ్ లాండ్రీకి వచ్చాడు. ఫోన్లో ఒక వీడియో చూపించి, "ఇది మీ తమ్ముడి గేటే కదమ్మా?" అన్నాడు.

గేటుకి గొలుసు, తాళం. బయట ఎండలో ఖాళీ బిందెల బారు. ఒక నిండు గర్భిణి బిందె మీదే కూలబడి ఉంది. లోపల ఎవరో కొత్తగా నాటిన మొక్కలకి పైపుతో నీళ్లు పెడుతున్నారు.

అక్క ఫోను తిరిగి ఇచ్చేసింది. మెషీన్ దగ్గరికి వెళ్లిపోయింది. దుప్పటి వంకరగా ఎక్కించింది, దాంతోపాటే చెయ్యీ రోలర్లలోకి పోతోంది. నేను ఒక్క గంతులో మెషీన్ ఆపే ఎర్ర బటన్ నొక్కాను.

"చెయ్యి పోయేది కదా అక్కా!"

"పోతే పోయేది" అంది.

ఆదివారం అద్దె హాల్లో అందరం కలిశాం. "ఇంటి గొడవ కదా, నెమ్మదిగా చెప్పుకో అక్కా" అన్నారు కొందరు. బేకరీలో పనిచేసే ఆయన ఒంటికాలి మీద లేచాడు. "నెమ్మదిగానా? మా అమ్మ ఆ గేటు ముందే కళ్లు తిరిగి పడిపోయింది!"

 అక్క ఫోను బల్ల మీద పెట్టి, స్పీకర్ నొక్కి, తమ్ముడికి కలిపింది.

"గేటుకి తాళం ఎందుకురా?"

"తోసుకొచ్చి మోటారు విరగ్గొడతారక్కా. అక్కడ కూర్చుని ఎన్నైనా చెప్తావు. పొద్దున్నే కాసేపు నీళ్లు వదులుతున్నాను కదా."

"ఎవరికి?"

 "మాకు కావాల్సినవాళ్లకి" అన్నాడు.

హాల్లో గోల లేచింది. అక్క చెయ్యెత్తి ఆపింది. కానీ ఆ గోల అతనికి వినిపించనే వినిపించింది.

"స్పీకర్లో పెట్టావా? నలుగురిలో నా పరువు తీస్తున్నావా?"

"తాళం తియ్యి."

"తియ్యను. స్థలం నాది. మళ్లీ ఆ మాటన్నావంటే నీకు తమ్ముడు లేడనుకో."

తల్లి పోయాక ఆ తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది అక్కే.  ఆవిడ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"సరే, అలాగే అనుకుంటాను. మరదలికివ్వు ఫోను."

"ఇక్కడే ఉన్నా వదినా. అంతా విన్నాను" అందొక సన్నటి గొంతు.

"గేటు బయట ఎవరన్నా ఉన్నారా?"

"చాలామంది."

"తాళంచెవి ఎక్కడుంది?"



"నా చేతిలోనే ఉంది."

"ఏయ్, లోపలికి పో!" అని తమ్ముడు అరిచాడు. గొలుసు గలగలమంది. ఆ వెంటనే పరుగులు, బిందెల మోత. ఎవరో ఆడమనిషి కెవ్వున కేకేసింది. ఫోను కట్టయిపోయింది.

మళ్లీ చేస్తే కలవదు. అక్క కుర్చీలో కూలబడింది. "తొక్కిసలాటలో ఎవరికన్నా ఏమన్నా అయితే ఆ పాపం నాదే" అని గొణుక్కుంటోంది.  బేకరీ ఆయన వాళ్లమ్మకి ఫోను మీద ఫోను చేస్తూనే ఉన్నాడు. ఎప్పటికో ఆమె ఎత్తింది. అంతా విని అక్కవైపు తిరిగాడు.

"ఒకరి మీద ఒకరు పడ్డారట. మీ మరదలు మోటారుకి అడ్డంగా నిలబడి, గర్భిణులు ముందు, ముసలాళ్లు తర్వాత అని కేకలేసి వరస పెట్టిందట. ఒకామె మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. మా అమ్మ బిందె నిండిందట అక్కా."

"వాడో?" అంది అక్క.

"మెట్ల మీద కూర్చున్నాడట. ఎవరితోనూ మాట్లాడట్లేదట."

తర్వాత మేమే మేస్త్రీని మాట్లాడి, పైపు గోడ బయటికి తెప్పించి వీధిలో కుళాయిలు పెట్టించాం. తమ్ముడు అడ్డం రాలేదు, సాయమూ రాలేదు. అక్క ఫోను మాత్రం ఎత్తడం మానేశాడు. ఆ ఏడు కూతురికి పెళ్లి చేశాడు, అక్కకి కబురు లేదు. ఆ రోజు కూడా ఆవిడ సెలవు పెట్టకుండా పనికొచ్చింది. 

మొన్న అక్క మరదలితో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనే ఉన్నాను.

"వాడు ఎలా ఉన్నాడే?"

"నాతో కూడా మాటల్లేవు వదినా. వండింది మాత్రం గిన్నె ఊడ్చి మరీ తింటున్నాడు."

అక్క పకపకా నవ్వింది. ఫోను పెట్టేశాక చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడి ఉండిపోయింది.