గోలుకు కట్టిన నిమ్మకాయ

"ఆదివారం ఆటకు పో. కానీ గోలు కాడికి మాత్రం పోకే లచ్చమ్మా."

"పోను తియ్యయ్యా. నువ్వు జర కండ్లు మూసుకో."

దవాఖానలో మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలు ఇవే. మూసుకున్నాడు. నలభై ఏండ్ల కాపురంలో నా మాట విన్నది ఆ ఒక్కసారే.

పోయేటప్పుడు ఎవరైనా ఇంటి సంగతి చెబుతారు, పిల్లల సంగతి చెబుతారు. మా ఆయన గోలు సంగతి చెప్పాడంటే, నేను చేసిన ఘనకార్యం ఎంతటిదో మీరే అనుకోండి. చెబుతాను, నవ్వండి. మైదానం బయటికి మాత్రం వెళ్లగొట్టకండి. ఒకసారి వెళ్లగొట్టారు, చాలు.

మా ఆయన మడికొండ పచ్చజట్టుకు ఫుట్‌బాల్ నేర్పేవాడు. మెడలో విజిల్ తియ్యకుండానే అన్నం తినేవాడు. మా జట్టుకు కప్పు మొహం తెలియదు, కప్పుకు మా జట్టు మొహం తెలియదు. మావాళ్లు బంతి కొడితే ఆకాశంలో కాకులు తప్పుకునేవి, గోలు వల మాత్రం కదిలేది కాదు. ఇక మా గోల్‌కీపర్లా? బంతి వస్తుంటే కొత్త అల్లుడికి దారి ఇచ్చినట్టు మర్యాదగా పక్కకు జరిగేవాళ్లు. అయినా నేను ఒక్క ఆటా వదల్లేదు.

ఒక ఏడు ఎలాగో ఫైనల్‌కు వచ్చాం. స్టేషన్ గల్లీ జట్టుతో ఆట. ఆ పొద్దున మా ఆయన చాయ్ తాగుతూ పిడుగు వేశాడు.

"ఈసారి ఓడిపోతే విజిల్ పక్కకు పెడుత. ఇగ ఇంట్లనే ఉంట."

"ఇంట్లనా? పొద్దంతనా?"

"పొద్దంత. నీ పక్కపొంటే."

ఆ మనిషి ఇంట్లో ఉంటే పొంగిన పప్పుకు కూడా విజిల్ ఊది తప్పు చూపిస్తాడు. నిజం చెప్పాలంటే, విజిల్ లేకపోతే ఆయన మనిషిగా మిగలడని నా భయం. ఎలాగైనా గెలవాలి.

కొత్త బండికి కట్టినట్టే ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు దారానికి గుచ్చాను. ఆట మొదలుకాకముందే పోయి మా గోలు స్తంభానికి గట్టిగా ముడులేసి వచ్చాను. మా ఆయనకు చెప్పలేదు.

మొదటి సగంలో మా గోల్లోకి బంతి రాలేదు. ఒకటి స్తంభానికి తగిలి వెనక్కి పోయింది కూడా. నేను పక్కింటి సత్తెక్కను సంతోషంతో గిల్లాను. విరామంలో అందరికీ మరమరాలు పంచాను. రెండో సగం మొదలైందో లేదో, స్టేషన్ గల్లీ వాళ్లు గోలు కొట్టారు. మావాళ్లు కొట్టిన బంతేమో రెండుసార్లు స్తంభానికే తగిలింది.

"ఇదేందే సత్తెక్కా? నా నిమ్మకాయ ఉండంగ మనకు గోలెట్ల పడె?"

"ఏ గోలుకు కట్టినవే?"

"గా రోడ్డు దిక్కున్నదానికి."

"ఓ పిచ్చిదానా! పక్కలు మారిండ్రు గదనే! గిప్పుడు గది వాళ్ల గోలు!"

ఇన్నేండ్లు ఆట చూసిన దాన్ని. పక్కలు మారతారని నాకు తెలియదా? నిమ్మకాయ మారదన్న సంగతే తట్టలేదు.

కొంగు నడుముకు చెక్కి ఉరికాను. ముడి ఎంత లాగినా ఊడదు. పళ్లతో కొరుకుదామని గోలు ముందుకే వచ్చాను.

"ఏ పెద్దమ్మా, పక్కకు పో!" అని వాళ్ల గోల్‌కీపర్ అరిచాడు.

"ఆగు బిడ్డా, ఇగ ఒక్క ముడే!"

అంతలో మావాడొకడు ఆ గోల్‌కీపర్‌ను తప్పించి బంతి కొట్టాడు. తిరిగి చూస్తే అది సూటిగా నా మీదికే వస్తోంది. అటక మీద నుంచి జారిన గుమ్మడికాయను పట్టినట్టు రెండు చేతులతో కడుపుకు హత్తుకున్నాను. కింద పడనియ్యలేదని ఒక క్షణం సంబరపడ్డాను కూడా.

అది పడితే ఆట సమానమయ్యేది. రిఫరీ గోలు ఇవ్వలేదు, నన్ను బయటికి పంపాడు. ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయాం.

ఇంటికి పోతూ ఆటోలో మా ఆయన మెడలోంచి విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. నేనే ఉండబట్టలేక అడిగాను.

"తిట్టరాదయ్యా?"

"లచ్చమ్మా, ఇరవై ఏండ్ల సంది జట్టుకో గోల్‌కీపర్ కోసం దేవులాడుతున్న. ఇంట్లనే ఉన్నదని తెల్వకపాయె!"

"మరి విజిల్?"

"పిల్లలు ఓడిపోలే. నువ్వు ఓడగొట్టినవ్. గీ ఆట లెక్కకు రాదు."

తెల్లారి మళ్లీ విజిల్ వేసుకునే చాయ్ తాగాడు.

ఆఖరి రోజుల్లో ఆడపిల్లల జట్టు కూడా పెట్టాడు. ఇది రాస్తున్న మా తమ్ముని బిడ్డ రజితే దానికి గోల్‌కీపర్. "మీ అత్త పట్టినట్టు పట్టాలె బిడ్డా" అని ఆయనే నేర్పాడు. ఆయన పోయాడని వాయిదా వేసిన వీళ్ల మొదటి ఆట వచ్చే ఆదివారం. ఈ జట్టు కప్పు తెస్తుంది, రాసి పెట్టుకోండి. బంతికి దారి ఇచ్చే మర్యాద మా వంశంలో లేదు.

నేనూ పోతాను. ఆయన విజిల్ మీద ఒట్టు, గోలు ఛాయలకు పోను, నిమ్మకాయ పులిహోర కూడా వెంట తీసుకుపోను. నడిమి గీత దగ్గర కూర్చుంటాను. అది సగం ఆటకు పక్క మారదట, ముందే అడిగి తెలుసుకున్నాను.

రాసుడైందా రజితా? ఏదీ, మొదటి నుంచి చదువు. మీ మామ మాటలున్న కాడ జర మెల్లగ.