డబ్బాలో మిగిలిన మాత్రలు

మా పిన్ని ఇస్త్రీ చేసిన దుప్పటిని విప్పాలంటే మనసొప్పదు. అంచుకు అంచు అతికినట్టుంటుంది. అందుకే వీధిలో ఆమె పేరు మడతక్క. అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడదు. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికి ఇచ్చే దుకాణం పిన్నిది, బాబాయిది. ఉతికే మెషీన్లు బాబాయ్ చూసుకుంటాడు. ఇస్త్రీ బల్ల దగ్గరికి మాత్రం పిన్ని ఎవరినీ రానివ్వదు. ఒకసారి సాయం చేయబోతే, నేను మడిచిన దిండు గలేబును రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "ఇది మడిచావా, కోపమొచ్చి విసిరావా?" అంది.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషనూ సూదులూ అయిపోయి, ఇక గండం గడిచిందనుకున్నాక, కాలేయంలో మచ్చ తేలింది. ఈసారి మాత్రలిచ్చారు. మింగేవే కదా అని పిన్ని తేలిగ్గా తీసుకోబోతే నర్సు కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది.

"మాత్రే కానీ ఇదీ కీమోనేనమ్మా. తిన్న అరగంటలోపు నీళ్ళతో మింగాలి. విరగ్గొట్టకూడదు, నూరకూడదు. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండింతలు వేసుకోకూడదు. వేరేవాళ్ళు వట్టి చేతుల్తో ముట్టుకోకూడదు. నోరు పూసినా, విరేచనాలు పట్టుకున్నా, జ్వరమొచ్చినా, అరికాళ్ళు మండినా ఓర్చుకుంటూ కూర్చోకండి. వెంటనే ఫోన్ చేయండి. ఆపాలో తగ్గించాలో మేం చెప్తాం. మిగిలిపోతే చెత్తలో పారేయకుండా ఇక్కడికే తెచ్చివ్వండి."

పిన్ని సగం విన్నది. బాబాయ్ మాత్రం అక్షరం వదలకుండా విన్నాడు. అసలే నిదానస్తుడు, నవ్వినా కొలిచి నవ్వుతాడు. ఆ రోజు నుంచీ మాత్రల బాధ్యత ఆయనదే. భోజనం కాగానే చేతికి తొడుగు వేసుకుని, మాత్రలు చిన్న మూతలో పోసి, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడేవాడు. మింగేదాకా కదిలేవాడు కాదు. పిన్ని మురిసిపోయేది. "మా ఆయన నన్ను కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నారే" అని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. చేసుకుంటే ఇలాంటివాణ్ణే చేసుకోవాలని నేను కూడా అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు మండిపోతుంది.

మాత్రల రెండో విడతలో బాధ కాళ్ళకు పట్టుకుంది. అరికాళ్ళు ఎర్రగా కంది, పొక్కి, తోలు లేచిపోయింది. అరిచేతులూ అంతే. ఇస్త్రీ పెట్టె వేడి సోకితే చాలు, నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కునేది. నేల మీద తువ్వాళ్ళు పరిచి వాటి మీద నిలబడేది, అయినా కాసేపే. ఉతికిన దుప్పట్లు బల్ల కింద గుట్టలు పడ్డాయి. హోటలు మేనేజరు ఫోన్ మీద ఫోన్. బాబాయ్ మడిచి పంపినవి అలాగే తిరిగొచ్చాయి.

"ఏమండీ, ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఇక నావల్ల కాదు" అని ఏడ్చేసింది పిన్ని.

బాబాయ్ ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి కాసేపటికి వచ్చాడు. "తగ్గించమన్నారు. ఇకనుంచి సగమే" అన్నాడు.

ఆ సగంతో కాళ్ళు మానిపోయాయి. పిన్ని మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది. ఒకరోజు కుర్చీలో కూర్చుని అరికాళ్ళు పైకెత్తి, "చూడవే, పసిపిల్ల పాదాల్లా లేవూ?" అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. బాబాయ్ మెషీను పక్కన నిలబడి చూస్తున్నాడు.

తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు అడిగాడట, "చెప్పినట్టే వేసుకుంటున్నారా?" అని. "పొల్లు పోకుండా అండీ" అన్నాడు బాబాయ్. పిన్ని తలూపింది. ఆ ఇద్దరి జవాబుల్లో నిజాయితీ ఉన్నది ఆమె తలూపడంలోనే.

స్కాను ఫలితం చెప్పే రోజు నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు తెర మీద బొమ్మ చూపించాడు. "మచ్చ పెరిగిందమ్మా. మాత్రలు వేసుకుంటున్నా పెరిగిందంటే ఈ మందు మీకు పనిచేయట్లేదు. ఆపేసి సెలైన్‌లో ఎక్కించే మందు మొదలుపెడదాం. అది కాస్త కఠినంగా ఉంటుంది. మిగిలిన మాత్రలుంటే కౌంటర్లో ఇచ్చేయండి."

"జుట్టు మళ్ళీ పోతుందా?" అంది పిన్ని. బాబాయ్ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. పాపం, తట్టుకోలేకపోతున్నాడనుకున్నాను.

బయట బెంచీ మీద పిన్నిని కూర్చోబెట్టి, సంచిలోంచి ఒక డబ్బా తీసి కౌంటర్లో ఇచ్చి, మంచినీళ్ళ సీసా కొనడానికి వెళ్ళాడు. కాసేపటికి కౌంటరమ్మాయి ఆ డబ్బా పట్టుకుని మా దగ్గరికే వచ్చింది.

"ఇన్ని మిగిలాయేంటమ్మా? మధ్యలో ఆపేశారా?"

"లేదమ్మా, డాక్టరు గారే తగ్గించారు కదా" అంది పిన్ని.

"తగ్గించినట్టు మాకేం రాలేదే" అంది ఆ పిల్ల.

అప్పుడే బాబాయ్ నీళ్ళ సీసాతో వస్తూ డబ్బాను చూసి ఆగిపోయాడు. ముట్టుకోవద్దంటే ముట్టుకోలేదు, పారేయొద్దంటే పారేయలేదు మహానుభావుడు. అన్నీ పాటించాడు, అసలుదొక్కటి తప్ప.

"ఆ రోజు ఫోన్ చేశారా?" అంది పిన్ని.

"చేశాను. వాళ్ళు ఎత్తేలోపే పెట్టేశాను. మొత్తానికే ఆపేస్తారేమోనని భయమేసింది. అన్నీ వేస్తేనేమో నీ కాళ్ళు చూడలేకపోయాను..."

"నా కాళ్ళ కోసమా, ఇస్త్రీ బల్ల కోసమా?"

బాబాయ్ నీళ్ళ సీసాను బెంచీ మీద పెట్టి, "నాకే తెలీదు" అన్నాడు.

అబద్ధం చెప్పినా బాగుండేది. పిన్ని గొంతు పెంచలేదు. "నేను పాదాలు చూసుకుని నవ్వుతుంటే ఎదురుగా నిలబడి చూశారు. ఇందాక మందు పనిచేయలేదంటే పక్కనే కూర్చుని విన్నారు. అప్పుడైనా నోరు విప్పలేదు" అంది. లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మళ్ళీ డాక్టరు గదిలోకి నడిచింది.

విషయం విని డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. "ఒక్క ఫోన్ చేసి ఉంటే కాళ్ళు మానేదాకా నేనే ఆపించేవాణ్ణి. తర్వాత తగ్గించి ఇచ్చేవాణ్ణి. చాలామందికి అలాగే చేస్తాం, అందులో తప్పేం లేదు. ఇప్పుడు మచ్చ పెరిగింది మందు పనిచేయకా, సరిపడా వేయకా అన్నది నాకే తెలియకుండా పోయింది." సెలైన్ మందు ప్రస్తుతానికి వద్దన్నాడు. తాను చెప్పిన మోతాదులో మాత్రలే మళ్ళీ వేసి, ఇంకో స్కాను చూద్దామన్నాడు.

నర్సు మళ్ళీ మొదటినుంచీ అన్ని జాగ్రత్తలూ చెప్పింది. ఈసారి పిన్ని అక్షరం వదలకుండా విన్నది.

"మీకు ఒంట్లో బాగోకపోతే ఇంట్లోంచి మాకు ఎవరు ఫోన్ చేస్తారు?" అంది నర్సు. మా ఇద్దరి మధ్యలో కూర్చున్న బాబాయ్ చెప్పడానికి నోరు తెరిచాడు.

"మా అక్క కూతురు" అంది పిన్ని, నావైపు చూపించి.

"మీవారు పక్కనే ఉన్నారు కదమ్మా?"

"ఆయనా చేస్తారు" అంది పిన్ని. "కానీ ఏం చెప్తారో నాకు తెలీదు."