సంకల్పంలో ఓడ పేరు

మా తమ్ముడు చమురు ఓడలో పనిచేస్తాడు. అరసవల్లి సూర్యుడి గుళ్లో మేము పదిమందిమి కలిసి చేసే ఆదిత్యహృదయ పారాయణలో వాడి పేరు, గోత్రంతోపాటు ఓడ పేరు కూడా సంకల్పంలో చెప్పేదాన్ని. ఓడల జాడ చూపే యాప్‌లో అది పన్నెండు రోజులుగా ఒక రేవు దగ్గరే ఆగి ఉంది. క్షేమమే అనుకున్నాను.

పదమూడోనాడు వాడు ఫోన్ చేశాడు.

“అప్పా, నువ్వు యాప్‌లో సూసేది అబద్దం. ఆంక్షలున్న దేశం ఆయిల్ ఎక్కించుకొని పోతన్నాం. ఓడ రేవు కాడే ఉన్నట్టు దొంగ సిగ్నల్ ఇస్తన్నారు. ఓడ పాత పేరు మా సేతే సెరిపించి కొత్తది రాయించినారు.”

“దిగిపోరా” అన్నాను.

“సముద్రం మజ్జన ఎక్కడ దిగమంతావప్పా?”

లైను తెగింది. మళ్లీ ఫోన్ రాలేదు.

మరునాడు సంకల్పంలో ఓడ పేరు దగ్గర ఆగిపోయాను. పేరు చెరిపిన చెయ్యి వాడిదేనని కర్మసాక్షికి తెలుసు. ఓడ పేరు వదిలేసి, వాడి పేరే రెండుసార్లు చెప్పాను.