గడ్డిచేప గుడ్ల మీద తొలి నీళ్లు

2023 వానాకాలం. అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల మధ్య ఒక చేపపిల్లల హేచరీలో నేను టెక్నీషియన్‌ని. బ్రీడింగ్ రోజున నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచేదేముంది!

ఆ రోజు అడవి అంచు గూడెం నుంచి సోమమ్మ వచ్చింది. వాళ్ల మహిళా సంఘం చెరువు నాచుతో మూసుకుపోయి వల దిగడం లేదు. గడ్డి తినే గ్రాస్ కార్ప్ పిల్లలు పోస్తేనే అది దారికొస్తుంది. మా దగ్గర గుడ్లతో మిగిలింది ఒకే తల్లిచేప. అది తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. ఆ మాట వినగానే సోమమ్మ అక్కడే కూర్చుండిపోయింది.

ఈ చేప తొట్టిలో తనంతట గుడ్లు పెట్టదు. హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి, అదను చూసి, పొట్ట మెల్లగా నిమిరి గుడ్లు పిండాలి. దీన్నే స్ట్రిప్పింగ్ అంటాం. పొడి బేసిన్‌లో గుడ్లు పట్టి, మగచేప మిల్ట్, అంటే బీజం, పోసి కోడి ఈకతో కలపాలి. అంతదాకా నీటిచుక్క తగలకూడదు. తగిలితే గుడ్డు ఉబ్బి, బీజం దూరే సన్న రంధ్రం మూసుకుపోతుంది.

గుడ్లు బేసిన్‌లో పడ్డాయో లేదో, సోమమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి, మొక్కి, చల్లబోయింది.

"ఆగు పెద్దమ్మా!" అని అరిచి అడ్డం పడ్డాను. నీళ్లన్నీ నా వీపు మీదే పడ్డాయి.

"ఏందే బిడ్డా, గట్ల మీద పడతవ్? విత్తనానికి నీళ్లు చల్లి మొక్కకుంటే ఎట్ల బతుకుతది?" అని కసిరింది.

"ముందు నువ్వు పక్కకు జరుగక్కా, నీ వీపు మీంచి నీళ్లు కారుతున్నయ్!" అంటూ మా తోటి టెక్నీషియన్ యాకోబు బేసిన్ లాక్కున్నాడు.

సోమమ్మ కళ్లలో నీళ్లు చూసి నా కోపం చల్లారింది. "చల్లుదువు గానీ పెద్దమ్మా. జర ఆగు, మగచేపది కలవనీ. తర్వాత నీళ్లు కావాల్సిందే, అవి పడితేనే బీజం కదులుతది."

"అవ్? నన్నే చల్లనిస్తవా?"

"నువ్వే చల్లాలె. జల్దీ చెంబు నింపుకో."

యాకోబు ఈకతో కలిపాడు. సోమమ్మ తొలి నీళ్లు చల్లింది. తర్వాత మేం గుడ్లు కడిగి, కింది నుంచి నీళ్లు పారే గాజు జార్లలో వదిలాం.

మర్నాడు పొద్దున ఆమె జార్ వైపు చూడనంది. చచ్చిన గుడ్డు తెల్లబడుతుందని నేనే చెప్పాను మరి. చెయ్యి పట్టి లాక్కొచ్చాను. తెల్లవి అక్కడక్కడే ఉన్నాయి. మిగతావన్నీ గాజుపూసల్లా తిరుగుతుంటే, లోపల నలుసుల్లాంటి ప్రాణాలు మెదులుతున్నాయి.

"అగో, తోక కొడుతుంది!" అని సోమమ్మ హేచరీ అదిరేలా అరిచింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

అంతకుముందు బేసిన్ దగ్గరికి బయటివాళ్లను రానిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ఎవరి చెరువుకు పిల్లలైతే వాళ్ల చేతే తొలి నీళ్లు చల్లిస్తాను. గుడ్డుకు నీళ్లు ఎప్పుడు పోయాలో చదువులో నేర్చుకున్నాను. మనిషితో 'వద్దు' అనే చోట 'జర ఆగు' అంటే సరిపోతుందని మాత్రం సోమమ్మ వల్లే తెలిసింది.