గుర్రానికి గురిపెట్టిన రాయి

పొద్దున మా తుకుం పేటలో నడుస్తుంటే ఒక కుర్రాడు నన్ను రాసుకుంటూ గుర్రాన్ని దౌడు తీయించుకుపోయాడు. గుర్రపు చెమట వాసన గుప్పుమంది. నా పిడికిలి బిగుసుకుంది.

ఆ వాసన నాకు చిన్నప్పటిది. గనిలో పనిచేసే బాపుకు నాయనమ్మా నేనూ అన్నం డబ్బా తీసుకుపోతున్నాం. విసాపూర్ వైపు కాలిబాట ఇరుకు. గుర్రమెక్కిన కాంట్రాక్టరు కొడుకొకడు వెనకనుంచి మీదికొచ్చాడు. నాయనమ్మ ముళ్ళపొదలో పడింది. అన్నం మట్టిపాలైంది. వాడు కళ్ళెం లాగి, "బాజూలా హో, మ్హాతారే!" అని పైగా మరాఠీలో మమ్మల్నే పక్కకు జరగమని అరిచాడు.

గుర్రమే మమ్మల్ని తొక్కబోయిందనుకున్నాను. రాయి ఎత్తాను. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"దాన్నెందుకు కొడ్తవ్ బిడ్డా? గది పక్కకు జరిగింది గాబట్టే బతికినం."

మోచేతి రక్తం తుడుచుకోకుండానే వాడివైపు తిరిగింది. "కండ్లు నెత్తికెక్కినయార? మనుషులు నడిచే తొవ్వ ఇది. దిగి నడిపిచ్చుకపో!"

వాడు నవ్వి, గుర్రానికి కొరడా తగిలించి పోయాడు. దిగలేదు. ఆ నవ్వు మీద కోపం నాకింకా చల్లారలేదు.

ఇప్పుడు ఈ కుర్రాడు ఫోన్‌లో వీడియో తీసుకుంటూ అదే దౌడుతో మళ్ళీ వెనక్కి వచ్చాడు. నడకకొచ్చిన ముసలివాళ్ళు పక్కకు దూకుతూ గుర్రాన్ని తిడుతున్నారు. నేను దారి మధ్యలో నిలబడ్డాను.

"దిగుర!" అన్నాను, నాయనమ్మ గొంతుతో.

వాడు ఆపలేదు. గుర్రమే ఆగింది.