దమయంతి పేరుతో వచ్చిన డబ్బా

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది జూలైలో నన్ను శ్రీకాకుళం జిల్లాలో, శ్రీముఖలింగానికి కొంత దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా గ్రేడ్ వన్ ల్యాబ్ టెక్నీషియన్. రిటైర్మెంటుకి రెండేళ్లే ఉంది. రక్తం, మూత్రం, తెమడ, మలం పరీక్షించి, చూసింది కాగితం మీద రాసి సంతకం పెట్టడం మా పని. రోగుల ముఖాలు మాకు పెద్దగా తెలియవు. డబ్బాల మీద నంబర్లు తెలుస్తాయి.

అప్పటికే నాకు ఏ రిపోర్టునీ ఓ పట్టాన నమ్మని గుణం వచ్చేసింది. దానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం విజయనగరం వైపు పనిచేస్తున్నప్పుడు, ఒంటినిండా బొబ్బలొచ్చిన సాలూరు లారీ డ్రైవరొకాయన మలం ఒకే ఒక్క స్లైడు చూసి ‘నిల్’ అని రాశాను. పురుగులు గానీ గుడ్లు గానీ కనిపించలేదని దానర్థం. ఆ కాగితం చూసుకుని ఆయనకి పెద్ద మోతాదులో స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మూడు వారాలకి ఊపిరాడక మళ్లీ వచ్చాడు. తెమడ స్లైడు మీద పెట్టి చూస్తే పురుగు పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. ఆయన బతకలేదు.

ఆ పురుగు పేరు స్ట్రాంగిలాయిడిస్. తడి మట్టిలోంచి, చెప్పుల్లేని కాలి చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. పేగులో ఏళ్ల తరబడి ఉన్నా చాలామందికి తెలియను కూడా తెలియదు. ఒంట్లో రోగనిరోధక శక్తి దాన్ని అణిచి ఉంచుతుంది. స్టెరాయిడ్ ఆ శక్తిని తగ్గించేస్తే, పురుగు లెక్కకు మించి పెరిగి ఊపిరితిత్తుల దాకా పాకుతుంది. ముందే కనిపెడితే మాత్రలతో పోతుంది.

నేను చేరిన రెండో నెలలో మహిళల వార్డులో దమయంతి అనే ఆవిడ చేరింది. ముప్పై నాలుగేళ్లు, వరినాట్ల పని. మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్లంతా నీరు పట్టే కిడ్నీ జబ్బు. విశాఖపట్నంలో కిడ్నీ ముక్క తీసి పరీక్ష చేసి, స్టెరాయిడ్ రాసి, సొంత ఊరికి దగ్గరలో వాడమని మా దగ్గరికి పంపారు. మా ఫిజీషియన్ జాగ్రత్త గల కుర్రాడు. స్టెరాయిడ్ ముందు మలపరీక్ష తప్పనిసరి అన్నాడు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి వార్డు ఆయా పైడితల్లి ట్రేలో డబ్బాలు తెచ్చింది. దమయంతి డబ్బాలోంచి మూడు స్లైడులు చేశాను. మిగిలింది నీళ్లలో కలిపి, యంత్రంలో తిప్పి, అడుగున చేరిన మడ్డి కూడా చూశాను. ఏమీ లేదు. ‘నిల్’ రాయబోతూ ఆమె రక్త పరీక్ష కాగితం తీసి చూశాను. ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. ఒంట్లో పురుగు ఉన్నప్పుడు అవి అలా పెరగడం మామూలు. కేస్ షీటు తెప్పించుకున్నాను. నాలుగు రోజులుగా నీళ్ల విరేచనాలని నర్సు రాసి ఉంది. నా ముందున్న డబ్బాలో మలం మాత్రం గట్టిగా ఉంది.

ఈ డబ్బా దమయంతిది కాదని అప్పుడే అనుకున్నాను.

నా అనుమానం నేరుగా పైడితల్లి మీదికి పోయింది. రోగి ఇవ్వలేకపోతే పక్క మంచం వాళ్ల డబ్బాలోంచి కాస్త తీసి నింపేస్తుందని ఆమె గురించి ఎవరో అన్న మాట నా చెవిన పడి ఉంది. నిజమో కాదో నాకు తెలియదు. వరండాలో, నలుగురి ముందూ, ఆ డబ్బా ఎవరిదని గద్దించి అడిగాను.

ఆమె ట్రే కింద పెట్టేసింది. “నానేటి దొంగనా అమ్మా? ఆళ్లు ఇచ్చిన డబ్బా ఇచ్చినట్టు తెచ్చినాను. ఇరవై ఏళ్ల నుండి మోస్తన్నాను ఈ పెంట. ఇంతవరకు నన్నొక్కలూ ఇలగ అడగలేదు.”

నేను వెనక్కి తగ్గలేదు. నేరుగా వార్డుకి వెళ్లాను.

దమయంతి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి, అంత వాపు. పక్కన ఆమె తోడికోడలు ఆదెమ్మ కూర్చుని కాళ్లు ఒత్తుతోంది. పొద్దున డబ్బా ఎవరిచ్చారని అడిగాను. “నానే ఇచ్చాను,” అంది దమయంతి, గోడవైపు చూస్తూ. ఆదెమ్మ కాళ్లు ఒత్తడం ఆపేసింది. అది నేను గమనించాను.

మాట మార్చి, దురదలేమైనా ఉన్నాయా అని అడిగాను.

“నడుం కింద ఎర్రగా గీతలాగ వస్తాది అమ్మా. పొద్దున ఒక కాడ ఉంటాది, సాయంత్రానికి పక్కకి జరిగిపోతాది. ఏటది?”

చర్మం కింద పాకుతున్న పురుగు అలాంటి గీత గీస్తుంది. పుస్తకంలో చదివానే గానీ ఒక మనిషి నోట వినడం అదే మొదలు. డాక్టరు గారికి చెప్పాను. ఆయన వచ్చి చూసి, మర్నాడు ఉదయం మొదలుపెట్టాల్సిన స్టెరాయిడ్ ఆపమని నర్సుతో అన్నాడు.

ఆ మాట వినగానే ఆదెమ్మ లేచి నిలబడింది. నేను మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, దానికేటీ తెలీదు. డబ్బా నాది. నానే నింపి ఇచ్చాను.”

ఎందుకిలా చేశావని గట్టిగానే అడిగాను.

“పోయిన నెల ఇంకో ఆసుపత్రికి తీసుకెల్తే మూత్రంలో ఏదో ఉందన్నారు. అది తగ్గితే గాని మందు పెట్టమని ఇంటికి పంపేసినారు. పదిహేను రోజులు అలగే వాసిపోయి పడున్నాది. ఇప్పుడు పురుగులంటే మళ్లీ పంపేస్తారని భయమేసింది. దానికి ఇద్దరు పిల్లలున్నారు. సొంత అక్కనైనట్టు నన్ను అప్పా అప్పా అని తిరుగుతాది. ఏటి సెయ్యమంటారు?”

కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సాలూరు డ్రైవరు సంగతి అక్కడే మెట్ల మీద కూర్చుని చెప్పాను. పురుగులుంటే ఎవరినీ ఇంటికి పంపరని, ముందు వాటికి మాత్రలిచ్చి తర్వాత అసలు మందు పెడతారని చెప్పాను.

“ఈ ముక్క నిన్న సెప్పుంటే నానెందుకు ఇస్తాను?” అంది ఆదెమ్మ.

గంటలో దమయంతి అసలు డబ్బా వచ్చింది. ఆదెమ్మే తెచ్చి నా చేతిలో పెట్టింది. మొదటి స్లైడులో ఏమీ లేదు. రెండో దాంట్లో, లో పవర్‌లోనే, ఒక పిల్ల పురుగు కొరడాలా కొట్టుకుంటోంది. పాత మలమైతే కొంకి పురుగు (హుక్‌వార్మ్) గుడ్లు పగిలి దీన్ని పోలిన పిల్లలు వస్తాయి గానీ, ఇది అప్పుడే ఇచ్చిన మలం. స్ట్రాంగిలాయిడిస్ పిల్లకి గుర్తు పొట్టి నోటి గొట్టం; అది హై పవర్‌లో సరిచూసుకుని, పేరు రాసి, డాక్టరు గారిని పిలిచి చూపించాను.

పురుగుకి ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఇచ్చారు. తర్వాతి నమూనాలు మూడింటిలో పురుగు కనబడలేదు. స్టెరాయిడ్ కొద్ది రోజులు ఆలస్యంగా మొదలైంది. వాపు తగ్గడానికి నెల పైనే పట్టింది. స్టెరాయిడ్ వాడినన్నాళ్లూ దమయంతికి ఊపిరి ఇబ్బంది రాలేదు. దసరా వెళ్లాక పరీక్షకి వచ్చినప్పుడు, పక్కన ఆదెమ్మ ఉండబట్టి గానీ, మనిషిని పోల్చుకోలేకపోయేదాన్ని. అంత సన్నగా ఉంది.

పైడితల్లిని క్షమాపణ అడిగాను. తప్పు నాదేనని, అదే వరండాలో, నలుగురూ ఉన్నప్పుడే చెప్పాను. “సర్లెండి,” అని వెళ్లిపోయింది. అంతకుముందు పదకొండింటికి ల్యాబులో నాతో టీ తాగేది. ఆ తర్వాత, నేను రిటైరయ్యే వరకు, డబ్బాలు ఇచ్చి గుమ్మంలోంచే తిరిగి వెళ్లేది.

డబ్బాని అనుమానించడం సరైన పనేనని ఇప్పటికీ అంటాను. అనుమానించకపోతే దమయంతి ఆ డ్రైవరులాగే పోయి ఉండేది. కానీ నమూనా తేడాగా ఉందంటే ఎవరో మోసం చేశారనే అనుకున్నాను. ఆ పరీక్ష ఎందుకో, ఫలితం చెడ్డగా వస్తే ఏం చేస్తామో రోగికి ఎవరూ చెప్పలేదేమోనన్న ఆలోచన నాకు రాలేదు. అది చెప్పడం ఎవరి విధుల్లోనూ రాసి లేదు. మిగిలిన సర్వీసంతా, స్టెరాయిడ్ పెట్టబోయే ప్రతి రోగికీ ఖాళీ డబ్బా నేనే వార్డుకి తీసుకెళ్లి, ఆ రెండు సంగతులూ చెప్పి చేతికిచ్చాను. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పట్టేది.