అల్లెన్ కీకి తొడిగిన గొట్టం ముక్క

నిరుడు వానలు వెనకపట్టిన రోజులు. గోదావరిఖనిలో నా దుకాణమంటే ఒక బల్ల, ఒక వైసు, నాలుగు సొరుగులు. గనుల సర్వే విభాగంలో లెవెల్, థియోడలైట్ వంటి కొలత పరికరాలు బాగుచేసి రిటైరయ్యాక ఇక్కడా అదే పని పెట్టుకున్నాను. బొగ్గు దుమ్ము, అద్దాలకు పట్టే బూజు ఉన్నంతకాలం నాకు పనికి కొదవ లేదు. ఓపికకే కొదవ.

ఒక పొద్దు శ్రీను, అతని భార్య స్వరూప వచ్చారు. శ్రీను బొగ్గు బెల్టుల దగ్గర ఫిట్టరు. స్వరూప గని ఆఫీసులో క్లర్కు. కొన్నేళ్లుగా బెంచ్‌రెస్ట్, అంటే రైఫిలును బల్లమీద ఆనించి కాల్చే పోటీల్లో పాల్గొంటోంది. రైఫిలు క్లబ్బులోనే ఉంటుంది. దానిమీద పెట్టి గురిచూసే దుర్బిణి, అదే స్కోపు, ఆమె సొంతం. దాన్ని పట్టి ఉంచే రింగులతో సహా విప్పి, తువ్వాలలో చుట్టి తెచ్చారు.

"కాకా, ఇది అసలా, డూప్లికేటా? గంతే చెప్పు," అన్నాడు శ్రీను, కూర్చోకముందే.

"ముందుగాల ఏమైందో చెప్పుర్రి."

స్వరూప చెప్పింది. "ఒక గుండు ఈడ తగుల్తది, ఇంకోటి ఆడ తగుల్తది కాకా. స్కోపు మీద అనుమానమున్నదంటే కోచ్ సారు, ఆడలేక మద్దెల ఓడంటున్నవ్, ట్రిగ్గర్ నువ్వే గుంజుతున్నవ్ అన్నడు. ఈ ఐతారం సెలక్షన్ ఉన్నది. గప్పుడు గూడ గిట్లనే అయితే ఇగ బంద్ జేస్త."

ఆమె కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. తప్పు చేసిన పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. నా మనసుకు కష్టమనిపించింది.

అద్దాలు చూశాను. దుమ్ము లేదు, బూజు లేదు, అంచుదాకా బొమ్మ తేటగా ఉంది. పైనా పక్కనా టరెట్లు ఉంటాయి. అవి గురిని పైకీ కిందికీ, పక్కలకూ జరిపే మరలు. తిప్పితే ఒక్కో క్లిక్కూ వేలికి స్పష్టంగా తెలిసింది. ఇంత మంచి పనితనం నా బల్లమీదికి రోజూ రాదు.

"డూప్లికేటే కదా కాకా?" అన్నాడు శ్రీను.

"నోరు మూసుకుని కూసుంటవా, బయటికి పోతవా?"

వైసులో స్కోపు కదలకుండా బిగించి, ఎదురుగా ఉన్న గోడమీద గళ్ల కాగితం అంటించాను. టరెట్ ఎన్ని క్లిక్కులు తిప్పితే లోపలి గురిగీత గళ్లమీద అంత జరగాలి. వెనక్కి తిప్పితే బయలుదేరిన చోటికే రావాలి. పరీక్ష ఇంతే. పైకి తిప్పాను. గీత కదల్లేదు. ఇంకా తిప్పాను. అయినా ఉలకలేదు. పెన్సిలుతో గొట్టంమీద ఒక్కటి తట్టానో లేదో, ఎగిరి ఎక్కడో కూర్చుంది. వెనక్కి తిప్పితే సున్నాకు రాలేదు.

"చూసినవా! నేనన్న గదా!" అని లేచాడు శ్రీను.

అప్పుడు రింగుల మరలు చూశాను. వాటి తలలు అరిగిపోయి ఉన్నాయి.

"ఇవి ఎవలు బిగించిన్రు?"

"నేనే," అన్నాడు గర్వంగా. "దీని గుండు పక్కకు పోయినప్పుడల్లా, వదులైందేమోనని ఇంకింత బిగించిన. మరలు తిప్పే అల్లెన్ కీ పొట్టిగున్నది, బలం చాల్తలేదని పైపు తొడిగి బిగించిన." జేబులోంచి ఆ గొట్టం ముక్క తీసి చూపించాడు కూడా.

నాకు ఒళ్లు మండిపోయింది. "అరేయ్, ఇది బెల్టు రోలరా? దీని లోపల ఇంకో సన్న గొట్టం ఉంటది. టరెట్ తిప్పితే అది కదలాలె. నువ్వు మీదనుంచి పిసికితె అదెట్ల కదుల్తది? గుండు పేలిన అదురుకు ఒక్కసారి జారుతది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమేసినవ్ గదరా!"

శ్రీను తల దించుకున్నాడు. "బెల్టు కాడ ఒక్క బోల్టు వదులైతె మనిషి మిగలడు కాకా. చెయ్యి ఆగది."

ఆ మాట నిజమే. గనిలోకి దిగినవాణ్ణి, నాకు తెలుసు. కాసేపు తిట్లు రాలేదు. తర్వాత మళ్లీ వచ్చాయి.

అరిగిన మరలు ఊడబెరికేసరికి తలప్రాణం తోకకొచ్చింది. గొట్టంమీద రింగు అచ్చు పడింది కానీ, అదృష్టం, సొట్టపోలేదు. కొత్త మరలు వేసి టార్క్ రెంచీతో బిగించాను. అది ముందే పెట్టిన బిగువు రాగానే టక్కుమని ఆపమంటుంది. మళ్లీ తిప్పాను. పైకి పొమ్మంటే పోయింది, రమ్మంటే సున్నాకే వచ్చింది.

"గింతనేనా? ఊడిపోతది కాకా. ఇంకొక్క పట్టు," అని శ్రీను చెయ్యి చాపాడు.

అంతవరకు గొంతెత్తని స్వరూప లేచింది. "ఊడిపోతె ఊడిపోనియ్యి! ఇన్నొద్దులు నా చెయ్యే మంచిగ లేదని తిట్టుకున్న. అన్నం కలుపుకుంట గూడ దాన్నే చూస్కుంట కూసున్న. నువ్వు పక్కనుండి చూసుకుంట బిగించుడే బిగించుడు!" భర్త చేతిలోని గొట్టం ముక్క లాక్కుని నా బల్లమీద పెట్టింది. "ఇది ఈడనే ఉంటది కాకా. ఇయ్యకు."

ఆదివారం మధ్యాహ్నం స్వరూప ఫోన్ చేసింది. "కాకా, సున్నాకు తిప్పితె సున్నాకే వచ్చింది. గుండ్లన్నీ ఒక్కకాడనే పడ్డయ్." సెలక్షన్ సంగతేమిటని అడిగాను. "అది సాయంత్రం చెప్తరట. గానీ నా చెయ్యి మంచిదే కాకా," అని ఏడ్చింది.

పరికరాలు నిర్లక్ష్యంవల్ల పాడవుతాయని ఇన్నేళ్లూ నమ్మాను. ఇప్పుడు ఏది వచ్చినా, దీన్ని ఇంట్లో బాగా చూసుకునేదెవరని ముందు అడుగుతున్నాను. ఆ గొట్టం ముక్క కోసం శ్రీను రెండుసార్లు వచ్చాడు. నేను ఇవ్వలేదు.